ప్రామాణిక దుండగుడు

కూర్మారావు దారిలో పిల్లి తోక తొక్కితే ఆగి, పిల్లికి క్షమాపణ చెప్పుకుని మరీ ముందుకు కదిలే రకం. అలాంటి మనిషిని ప్రభుత్వం దుండగుడిగా నియమించింది. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి, కాగితాలన్నిటి మీదా సంతకాలున్నాయి.

అతను జిల్లా మహిళా భద్రతా సమన్వయ కార్యాలయంలో కాంట్రాక్టు జూనియర్ అసిస్టెంటు. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. తల్లి సూరమ్మ జీడి పిక్కలు కొట్టి చదివించింది. జీడి రసం అంటి నల్లబడిన ఆవిడ వేళ్లు ఇక ఏ సబ్బుకీ తెల్లబడవు. ఆవిడ కోరికల్లా ఒకటే, కొడుకు ఉద్యోగం పర్మినెంటు కావాలి. పొద్దున్న అన్నం కట్టిస్తూ అడుగుతుంది, సాయంత్రం కాళ్లకు నీళ్లిస్తూ అడుగుతుంది: "అయ్యిందేటిరా?" కూర్మారావు "అవుతుందమ్మా" అంటాడు. అతనికి అబద్ధం చెప్పడం రాదు కాబట్టి అవుతుందనే నమ్ముతాడు.

అసలు కథ గౌరీశ్వరి ఫిర్యాదుతో మొదలైంది. ఆవిడ ఆ ఆఫీసులోనే టైపిస్టు, నోరున్న మనిషి. ఆఫీసుకు ఎదురుగా ఉన్న బస్టాపులో మాధవ్ అనేవాడు రోజూ బండిని అడ్డంగా పెట్టుకుని కూర్చుంటాడు. ఆడవాళ్లు వస్తే "టైమెంతైందండీ?" అని అడుగుతాడు. వాళ్లు చెప్పేలోపే తనే చూసుకుంటానన్నట్టు వాచీ ఉన్న చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంటాడు. ఎంతకీ వదలడు. గౌరీశ్వరి వాచీ పెట్టుకోవడం మానేసింది. వాడు అడగడం మానలేదు, పట్టుకోవడమూ మానలేదు.

మహిళా భద్రత ఆఫీసులోనే పనిచేస్తున్నాం కదా అని ఆవిడ ఫిర్యాదు అక్కడే ఇచ్చింది. సూపరింటెండెంటు త్రినాథరావు కళ్లజోడు సర్దుకుని దాన్ని రెండుసార్లు చదివాడు.

"అమ్మా, నువ్వు రాసింది ఒక మనిషి గురించి" అన్నాడు. "ఈ మనిషి మీద చర్య తీసుకున్నామే అనుకో. రేపు అదే చోట ఇంకో మనిషి కూర్చుంటాడు. మన ఆఫీసు వ్యక్తుల వెంట పడేది కాదమ్మా. విధానాల వెంట పడేది."

"వాడు మాత్రం విధానాల వెంట పడ్డం లేదండీ. నా వెంటే పడుతున్నాడు."

"అదే నేను నోటులో పెడతాను" అన్నాడు త్రినాథరావు సంతోషంగా.

నోటు పైకి వెళ్లింది. సంచాలకులు విశ్వనాథం గారి దగ్గర్నుంచి ఉత్తర్వు కిందికి దిగింది: "మహిళ తనను తాను రక్షించుకోగలిగిన నాడు ఫిర్యాదు అను ప్రక్రియకే ఆస్కారముండదు. కావున జిల్లాలోని సమస్త మహిళలకు ఆత్మరక్షణ నిమిత్తం ఏదేని ఒక యుద్ధకళయందు శిక్షణ ఇవ్వవలెను. అట్టి కళ మిక్కిలి ఆచరణయోగ్యమైనదిగా ఉండవలెను. దాని ఎంపిక తులనాత్మక పట్టిక ద్వారా మాత్రమే జరగవలెను."

తులనాత్మక పట్టిక లేకుండా ఆ ఆఫీసులో చీపురు కూడా కొనరు. చీపుళ్లు తెచ్చినవాళ్లను వరసగా నిలబెట్టి, ఒకే దుమ్ము మీద ఊడిపించి, ఏది బాగా ఊడ్చిందో రాసుకుని మరీ కొంటారు. యుద్ధకళకు మాత్రం వేరే పద్ధతి ఎందుకుంటుంది?

ముగ్గురు గురువులు వచ్చారు. కరాటే మాస్టరు భాస్కర్ వస్తూనే ఆఫీసు మెట్ల మీద ఒక పెంకు పగలగొట్టాడు. జూడో కోచ్ ఇమాన్యుయేల్ దుప్పటిలాంటి తెల్ల కోటు వేసుకుని చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. కర్రసాము గురువు గొంప అప్పన్న కర్ర తెచ్చాడు. ఆ కర్ర లిఫ్టులో పట్టలేదు, అందుకని మూడో అంతస్తుకు మెట్లెక్కి వచ్చాడు.

"ఆచరణయోగ్యత గురించి క్లుప్తంగా చెప్పండి" అన్నారు విశ్వనాథం గారు.

"ఒక్క పంచ్ చాలు సార్" అన్నాడు భాస్కర్. "ఎదుటివాడు చెయ్యి చాపినంత దూరంలో, కదలకుండా నిలబడితే చాలు."

"మా దాంట్లో దెబ్బే ఉండదు సార్. ఎత్తి పడేయడమే" అన్నాడు ఇమాన్యుయేల్. "వాడు కాలరున్న గట్టి బట్టలు వేసుకోవాలి. టీషర్టయితే చిరిగిపోద్ది."

అప్పన్న కర్ర నేలకు ఆనించాడు. "బాబూ, కర్ర సేతిలో ఉంటే పదిమందొచ్చినా నిలవలేరు."

"కర్ర లేకపోతే?"

"ఎల్లి తెచ్చుకోవాల."

విశ్వనాథం గారు మూడూ రాయించారు. తరువాత ప్రదర్శన. ఆఫీసు వెనక సైకిల్ స్టాండు ఖాళీ చేయించారు. ప్రతి గురువూ దాడి చేయడానికి తన శిష్యుణ్ణే తెచ్చుకున్నాడు. కరాటే శిష్యుడు గురువుగారు చెయ్యెత్తగానే మూలిగాడు. జూడో శిష్యుడు తనంతట తానే గాల్లోకి లేచాడు. అప్పన్న శిష్యుడు కర్ర ఇంకా తిరుగుతూండగానే పరిగెత్తి ప్రహరీ గోడ దూకాడు.

ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెట్టారు: "దుండగులు గురువులతో కుమ్మక్కైనట్లు కనిపిస్తున్నది. తులన చెల్లదు. మూడు శైలులకూ ఒకే దుండగుడు, ఒకే దాడి ఉండవలెను. దుండగుడు తటస్థుడై ఉండవలెను."

తటస్థుడంటే ప్రభుత్వ మనిషే. పర్మినెంటు ఉద్యోగుల సంఘం ఆ మధ్యాహ్నమే నల్లబ్యాడ్జీలు పెట్టుకుంది. దుండగం తమ సర్వీసు రూల్సులో లేదంది. కాంట్రాక్టువాళ్లకు సంఘం లేదు. రూల్సులు కూడా "అప్పగించిన ఇతర పనులు" అన్న ఒక్క ముక్కతో సరి.

"కూర్మారావూ, పర్మినెంటు ఫైలు కదలాలంటే సేవ కనపడాలయ్యా" అన్నాడు త్రినాథరావు, భుజం మీద చెయ్యి వేసి. "ఇది నీకు దొరికిన అవకాశం."

ఉత్తర్వులో అతని హోదా "ప్రామాణిక దుండగుడు" అని రాశారు. గౌరీశ్వరిని "ప్రామాణిక బాధితురాలు" అన్నారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది గౌరీశ్వరే.

"ఫిర్యాదిచ్చింది నేను" అంది ఆవిడ మిషను మీద టకటకలాడిస్తూ. "మూడు యుద్ధకళలు నేర్చుకోవలసిందీ నేనే. వాడు మాత్రం బస్టాపులో బఠాణీలు తింటున్నాడు."

దాడి ఎలా ఉండాలో కమిటీ నిర్ణయించింది. ఫిర్యాదులో మణికట్టు అని ఉంది కాబట్టి, దుండగుడు ఎడమ చేత్తో బాధితురాలి కుడి మణికట్టు పట్టుకోవాలి. గురువులు ముగ్గురూ సవరణలు కోరారు, కమిటీ అందరినీ గౌరవించింది. భాస్కర్ కోసం దుండగుడు ఎదురుగానే రావాలి, వచ్చి ఆగాలి. ఇమాన్యుయేల్ కోసం ఎండాకాలమైనా కోటు తొడుక్కోవాలి. అప్పన్న కోసం వచ్చే ముందు గంట కొట్టాలి, బాధితురాలు కర్ర అందుకునే వ్యవధి ఇవ్వాలి. చిట్టచివర త్రినాథరావు తన వంతు ఒకటి చేర్చాడు: మహిళా సిబ్బందిని తాకబోతున్నందున ముందుగా అనుమతి అడగాలి.

అలా కూర్మారావు గంట కొట్టి, చెప్పులు విడిచి, దళసరి కోటులో చెమటలు కారుతూ ఎదురుగా వచ్చి ఆగి, "పట్టుకోవచ్చాండీ?" అని అడిగేవాడు.

"పట్టుకోండి బాబూ, టీ టైమవుతోంది" అనేది గౌరీశ్వరి.

పట్టుకునేవాడు. ఆ తరువాత కరాటే అయితే పొట్టలో తగిలేది, జూడో అయితే వీపు నేలకు తగిలేది, కర్రసాము అయితే ఎక్కడ తగిలిందీ సాయంత్రం స్నానం చేస్తేగాని తెలిసేది కాదు. గౌరీశ్వరి ప్రతిసారీ చెయ్యిచ్చి లేపి, "నొప్పెట్టిందా కూర్మారావుగారూ?" అని అడిగేది. "లేదండీ, మీ చేతికేం కాలేదు కదా?" అనేవాడతను. దెబ్బలకు మందులిప్పించమని అర్జీ పెడితే, దుండగుడికి తగిలిన గాయాలు పథకం విజయంగా పరిగణించబడతాయని జవాబొచ్చింది.

పట్టిక నిండింది. మూడు శైలులకూ మూడు "ఉత్తీర్ణం"లు. కమిటీ తల పట్టుకుంది. అందరూ నెగ్గితే ఎవరిని ఎంచుకుంటారు? లోపం ఎక్కడుందో త్రినాథరావు కనిపెట్టాడు. మర్నాడు కూర్మారావు చేతికి మెమో వచ్చింది: "తమరి దాడియందు చిత్తశుద్ధి లోపించినట్లు గమనించడమైనది. ఇట్టి అలసత్వం తమరి కాంట్రాక్టు కొనసాగింపుపై ప్రభావం చూపగలదు."

కూర్మారావుకు బడిలో కూడా ఎప్పుడూ ఇలాంటి మాట రాలేదు. చెప్పిన పని సరిగ్గా చేయలేదంటే అతనికి అన్నం సయించదు. ఆ రోజునుంచి ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. వాకిట్లో రుబ్బురోలు పొత్రం పట్టుకుని లాగేవాడు. బొగ్గుల బస్తా మెడ పట్టుకుని వదలకుండా నిలబడేవాడు.

"ఏటిరా నాయనా, ఆ బస్తా నిన్నేటి సేసింది?" అంది సూరమ్మ.

"ఆఫీసు పనమ్మా."

"డిగ్రీ సదివింది దీనికేటిరా?"

"పర్మినెంటు కావాలంటే ఇది రావాలమ్మా."

ఆవిడ కొంగు బిగించింది. తనే బస్తాకు రెండో చివర పట్టుకుంది. "లాగు మరి" అంది. పిక్కలు కొట్టిన చేతులు, అంత సులువుగా వదిలేవి కావు. తల్లితో లాగి లాగి కూర్మారావుకు పట్టు కుదిరింది. అతను పట్టుకున్నాక విడిపించుకోవడం భాస్కర్ వల్ల కూడా కాలేదు. కోటు చిరిగింది గాని చెయ్యి వదలలేదు. అప్పన్న కర్ర కింద పెట్టి, "బాబు పట్టు ఉడుం పట్టు" అని మెచ్చుకున్నాడు. పట్టికలో మూడు శైలులూ ఇప్పుడు వరసగా తప్పాయి. కమిటీ మళ్లీ తల పట్టుకుంది గాని, దుండగుడి పనితీరు మాత్రం అందరికీ నచ్చింది.

పంద్రాగస్టు నాడు పెరేడ్ మైదానంలో ప్రశంసాపత్రాలిచ్చారు. సూరమ్మ కొత్త చీర కట్టుకుని ముందువరసలో కూర్చుంది. మైకులో చదివారు: "మహిళలపై దాడులలో విశేష ప్రతిభ, అంకితభావం కనబరచిన ఉత్తమ దుండగుడు, శ్రీ బొబ్బాది కూర్మారావు!" సూరమ్మ ఒక్కతే లేచి చప్పట్లు కొట్టింది. ఆ పత్రానికి అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టింది.

పథకం బాగుందని పైవాళ్లు జిల్లాకొక దుండగుడి పోస్టు మంజూరు చేశారు. పర్మినెంటు. పింఛను కూడా ఉంది. ప్రకటన చదివి గౌరీశ్వరి కూర్మారావు బల్ల దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. "ఇంక మీదేనండీ. మిమ్మల్ని మించిన దుండగుడు ఈ జిల్లాలో ఎవడున్నాడు?"

అర్హతలు: డిగ్రీ, మంచి ఆరోగ్యం, పోలీసువారు ఇచ్చే సత్ప్రవర్తన ధ్రువపత్రం.

విచారణకు ఇంటికి వచ్చిన హెడ్ కానిస్టేబులుకు సూరమ్మ మజ్జిగ ఇచ్చి, గొప్పగా అద్దం పటం చూపించింది. ఆయన దాన్ని చదివాడు. మజ్జిగ గ్లాసు కింద పెట్టేసి మళ్లీ చదివాడు.

"అమ్మా, ఇందులో ప్రభుత్వమే సంతకం పెట్టింది" అన్నాడు. "మీవాడు ఆడవాళ్ల మీద దాడులు చేశాడని."

"సేసాడు బాబూ. దినాం సేసీవోడు. ఒక్క సెలవు కూడా పెట్టనేదు."

ఇంటర్వ్యూలో విశ్వనాథం గారి ముఖం బాధగా ఉంది. "కూర్మారావ్, నీ అనుభవం మీద మాకు సందేహం లేదు. కానీ ఒకసారి దుండగుడని రికార్డయిన వ్యక్తిని దుండగుడి పోస్టులోకి తీసుకుంటే, రేపు అసెంబ్లీలో ప్రశ్న వస్తే నేనేం చెప్పాలి?"

"నేను దాడి చేయలేదని రాసివ్వచ్చు కదండీ?" అన్నాడు కూర్మారావు.

"రాసివ్వచ్చు" అన్నాడు త్రినాథరావు. "అప్పుడు ఇన్నాళ్లూ విధులు నిర్వర్తించలేదని తేలుతుంది. చేశానంటే ప్రవర్తన బాగోలేదు, చేయలేదంటే పనితీరు బాగోలేదు. ఏది కావాలో నువ్వే చెప్పు నాయనా, నీ మేలు కోరేవాణ్ణి."

పోస్టు వేరే అభ్యర్థికి వెళ్లింది. డిగ్రీ ఉంది, ఆరోగ్యం ఉంది, పోలీసు రికార్డు అద్దంలా ఉంది. అతని మీద జిల్లాలో ఏ స్టేషన్‌లోనూ ఒక్క ఫిర్యాదు లేదు. ఉన్న ఒక్క ఫిర్యాదూ పథకంగా మారిపోయింది. సోమవారం పొద్దున్న నియామక పత్రం పట్టుకుని మాధవ్ ఆఫీసు మెట్లెక్కాడు.

గౌరీశ్వరి టైపుమిషను ఆగిపోయింది.

"టైమెంతైందండీ?" అన్నాడు మాధవ్, ఆవిడ బల్ల మీదికి వంగి. "జాయినింగ్ రిపోర్టులో రాసుకోవాలి."

ఆవిడ త్రినాథరావు దగ్గరకు వెళ్లింది. "సార్, వీడే వాడు."

"వాడు కాదమ్మా, వారు. ఇప్పుడాయన మన సహోద్యోగి."

తొలి ప్రదర్శనకు అధికారులంతా సైకిల్ స్టాండు దగ్గర కుర్చీలేసుకుని కూర్చున్నారు. గురువులు ముగ్గురూ వరసగా నిలబడ్డారు. గంట కొట్టే పని ఇప్పుడు కూర్మారావుది. అతను గంట చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా కొట్టలేదు. గౌరీశ్వరి ఇంకా కర్ర అందుకోలేదు, ఎటువైపు నిలబడాలో అడగడానికి కమిటీవైపు తిరిగింది. మాధవ్ వెనకనుంచి వచ్చాడు. అనుమతి అడగలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని విరిచి దగ్గరకు లాక్కున్నాడు, నవ్వుతూ, బస్టాపులో లాగినట్టే.

"ఎదురుగా రాలేదు! ఇది చెల్లదు!" అన్నాడు భాస్కర్.

"కోటు లేదు సార్!" అన్నాడు ఇమాన్యుయేల్.

"గంట కొట్టనేదు బాబూ" అన్నాడు అప్పన్న.

విశ్వనాథం గారు నిబంధనల పుస్తకం తెప్పించమన్నారు. గౌరీశ్వరి కేక వేసింది. ఆ కేకలో కరాటే లేదు, జూడో లేదు, నొప్పి ఉంది. కూర్మారావు చేతిలోంచి గంట కింద పడింది. అతను వెళ్లి మాధవ్ మణికట్టు పట్టుకున్నాడు.

అంతే, ఇంకేం చేయలేదు. అతనికి వచ్చింది అదొక్కటే. మాధవ్ తిట్టాడు, తన్నాడు, గుద్దాడు. ఆ దెబ్బలన్నీ కూర్మారావు ఒంటికి అలవాటైనవే. మాధవ్ వేళ్లు ఒక్కొక్కటే విడిపోయి గౌరీశ్వరి చెయ్యి బయటికి వచ్చింది. ఆవిడ పక్కన కుర్చీకి తగిలించిన తన గొడుగు తీసి మాధవ్ మోకాలి మీద రెండు అంటించింది. ఇక చాలునని ఆవిడ చెప్పేదాకా కూర్మారావు వదల్లేదు. వదిలాక, "క్షమించండి సార్" అన్నాడు మాధవ్‌తో.

సాయంత్రానికల్లా రెండు కాగితాలు తయారయ్యాయి. మొదటిది కూర్మారావుకు: విధి నిర్వహణలో ఉన్న పర్మినెంటు దుండగుణ్ణి అడ్డుకున్నందుకు కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయరాదో, ఆ సందర్భంలో తాను ప్రయోగించిన శైలి ఏదో తెలుపవలెను. కూర్మారావు అక్కడే నిలబడి జవాబు రాశాడు: "ఆవిడ కేక వేశారు. నేను వెళ్లి పట్టుకున్నాను. శైలి తెలియదు."

త్రినాథరావు చదివి పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "శైలి ఖాళీగా వదిలేస్తే ఎలాగయ్యా? మూడింట్లో ఏదో ఒకటి రాయి, నేను కాపాడతాను."

"మూడింట్లో ఏదీ కాదండీ."

కాంట్రాక్టు రద్దయింది.

రెండో కాగితం గౌరీశ్వరికి: "తాము ఫిర్యాదులో పేర్కొన్న వ్యక్తి ప్రస్తుతం పనివేళల్లో ఈ కార్యాలయమందే ఉన్నందున, బస్టాపునందు అతని వల్ల ఇబ్బంది తొలగినట్లు భావించి ఫిర్యాదు మూసివేయడమైనది." ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి కూర్మారావు అన్నం క్యారేజీ కింద పెట్టింది, క్యారేజీ బల్ల మీద ఊగకుండా.

ఇద్దరూ బస్టాపుకు వచ్చి కూర్చున్నారు. కూర్మారావు క్యారేజీ ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లగానే అమ్మ అడగబోయే మాట గురించి ఆలోచిస్తున్నాడు. ఈసారి "అవుతుందమ్మా" అనలేడు.

"మా తమ్ముడి స్కూల్లో క్లర్కు కావాలన్నారు" అంది గౌరీశ్వరి. "అక్కడ ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు."

"అలాగేనండీ" అన్నాడు. ఆవిడ చేతికి వాచీ ఉందని అప్పుడు గమనించాడు. మణికట్టు చుట్టూ ఎర్రగా కమిలి ఉంది. ఆ ఎరుపు మీదే కట్టుకుంది.

ఆఫీసు వదిలారు. పనివేళలు అయిపోయాయి కనక మాధవ్ బండి వచ్చి ఎప్పటి చోటే అడ్డంగా ఆగింది. మెడలో కొత్త గుర్తింపు కార్డు వేలాడుతోంది. కాస్త కుంటుతూ దిగి గౌరీశ్వరివైపు వచ్చాడు.

"టైమెంతైందండీ?"

కూర్మారావు క్యారేజీ బెంచీ మీద పెట్టి లేచాడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. ఎదురుగా వెళ్లి ఆగి, ఎడమ చెయ్యి చాపి, మర్యాదగా అడిగాడు:

"పట్టుకోవచ్చాండీ?"

మాధవ్ ఆ చేతిని చూశాడు. తన మణికట్టు చూసుకున్నాడు. దాన్ని జేబులో పెట్టుకుని బండి దగ్గరికి నడిచాడు. బండిని నిలువుగా తిప్పుకుని వెళ్లిపోయాడు.

గౌరీశ్వరి వాచీ చూసుకుంది. "అయిదూ పది" అంది, ఎవరూ అడక్కుండానే. "చెప్పులేసుకోండి, బస్సొస్తోంది."